చెరువు అడుగున ఒక గుర్తు

గొల్లపల్లె, బేస్తవారిపేట మండలం
నవంబరు 9

మాలకొండయ్య గారికి,

యల్లయ్య రాయునది. ఇక్కడ నేనూ, మీ మేనకోడలు ఉమా, రెండు బర్రెలూ బాగున్నాం. అక్కడ మీరు ఎట్లా ఉన్నారని అడగాలని ఉంది. అడిగితే మీరు జవాబు చెప్పాలి. చెబితే అది మాట్లాడటం కిందికి వస్తుందేమోనని అడగటం లేదు.

మీ చెల్లెలి పెద్దకర్మ రోజున నలుగురి ముందు మీరు అన్న మాట నాకు గుర్తుంది. "నీతో మళ్లా మాట్లాడితే నా నోట్లో మన్ను పడాల" అన్నారు. ఒట్టు ఒట్టే. దాన్ని చెడగొట్టే ఉద్దేశం నాకు లేదు. అయితే ఉత్తరం రాయకూడదని మీరు అనలేదు. మా ఊరి పురోహితుణ్ణి కూడా అడిగాను. "నోటితో చేసిన ఒట్టు నోటికే యల్లయ్యా, చేతికి తగలదు" అన్నాడు. ఆయన మాట ఎంతవరకు నమ్మవచ్చో తెలియదు గానీ, నాకు అనుకూలంగా ఉంది కాబట్టి నమ్మాను.

విషయం ఏమిటంటే, నేను పడవ కొన్నాను. నవ్వితే నవ్వండి, నవ్వు కూడా మాట కాదు. మా తాతలు ఈ చెరువులో వల వేశారు. చెరువు ఎండిపోయాక నాయనా నేనూ దాని కడుపులోనే దున్నుకుని రైతులమయ్యాం. ఇప్పుడు నిండింది కాబట్టి మళ్ళీ వల పట్టాను. మధ్యలో ఈత ఒక్కటి మరిచిపోయాం. పడవ ఫైబరుది, చిన్నది. ఇద్దరు కూర్చోవచ్చు. ముగ్గురు కూర్చుంటే ఒకరు దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చోవాలి.

ఈ పడవకు జీపీఎస్ మిషనూ, నీళ్ళ కింద ఏముందో చూపించే చేపల మిషనూ కావాలి. రెండూ ఒకే డబ్బాలో వస్తాయని విన్నాను. మీరు హార్బరులో ఏళ్ళ తరబడి వాటినే బాగుచేస్తున్నారు. ఏది మంచిదో రాస్తే కొంటాను.

తొందర ఎందుకంటే, మా చేపల సంఘం అధ్యక్షుడు సంజీవరావు శివరాత్రి దాటగానే చెరువు అడుగు శుభ్రం చేయిస్తానంటున్నాడు. ఎండిన ఏళ్ళలో మొలిచిన సర్కారు తుమ్మ మొద్దులూ, పొలం గట్ల రాళ్ళూ వలలను చింపుతున్నాయి. ఇనుప కొక్కేల గొలుసు నీళ్ళలో వేసి, కట్ట మీద నుంచి ట్రాక్టరుతో అన్నీ లాగేస్తారట. "కదిలించగూడనిది ఎవురికన్నా ఉంటే చోటు సూపియ్యండి, వదిలేస్తం. సూపియ్యకపోతే ఏ రాయైనా రాయే" అన్నాడు. న్యాయంగానే అన్నాడు.

అడుగున నాకు ఒక రాయి ఉంది. దాని చోటు దొరకటం లేదు.

ఇట్లు,
యల్లయ్య

*

నిజాంపట్నం హార్బరు
నవంబరు 21

యల్లయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. ఇది జవాబు కాదు. దుకాణానికి వచ్చిన ఏ గిరాకీకైనా చెప్పే సంగతులే కాగితం మీద పెడుతున్నాను. మీ పురోహితుడి తెలివి చూశాక, ఆయనకు హార్బరులో మంచి భవిష్యత్తు ఉంటుందనిపించింది.

జీపీఎస్ అనేది గట్టు కనపడని చోట తిరిగేవాడికి. మీ చెరువులో ఏ మూల నుంచి చూసినా కట్ట కనపడుతుంది. కట్ట మీద బర్రె కనపడుతుంది. బర్రె ఎవరిదో కూడా తెలుస్తుంది. అలాంటి చోట జీపీఎస్ కొనటం, పడమటింట్లో నుంచి వంటింట్లోకి పోవడానికి ఆటో మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

పెద్ద తెర ఉన్న మిషన్లలో సముద్రం పటం ఉంటుంది. ఎక్కడ లోతు, ఎక్కడ మెరక, అన్నీ అందులో ఉంటాయి. మీ చెరువు ఆ పటంలో ఉండదు. బేస్తవారిపేట చుట్టూ తెరంతా నేల రంగే. దాని లెక్కన మీరు పొలంలో పడవ నడుపుతున్నట్టు. మీ విషయంలో అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. కాబట్టి పటానికి డబ్బు పోయకండి.

చేపల మిషను సంగతి వేరు. ఒక బిళ్ళ ఉంటుంది, దాన్ని నీళ్ళలో ముంచి ఉంచాలి. అది కిందికి శబ్దం పంపుతుంది. శబ్దం అడుగుకు తగిలి తిరిగొస్తే తెర మీద గీత పడుతుంది. లోతు తక్కువ చోట రెండువందల కిలోహెర్ట్జ్ బిళ్ళ చాలు. ఏభైది నడిసముద్రానికి. కొనేటప్పుడు తెరను ఎండలో పెట్టి చూడాలి. దుకాణం నీడలో అన్ని తెరలూ బాగానే కనపడతాయి. చేప బొమ్మలు వేసి చూపించే మిషన్ల జోలికి పోవద్దు. ఆకు తేలినా చేపే, బుడగ లేచినా చేపే అంటాయి. మా దగ్గర స్టీఫెన్ అనే బోటు యజమాని అట్లాంటిదే ఒకటి కొని, పొద్దుగూకే దాకా వల వేసి, ఉత్త చేతులతో నా దుకాణానికి వచ్చాడు. "అన్నా, ఈ బొమ్మలు కేజీ లెక్కన ఎవరైనా కొంటారా?" అని అడిగాడు.

ఇంతకీ రాయి ఉందని రాశారు. ఏ రాయో రాయలేదు. అది తెలిస్తే ఏ మిషనో చెప్పటం తేలిక.

ఉమ చదువు ఎంతవరకు వచ్చిందని నేను అడగటం లేదు. ఎవరైనా రాస్తే చదువుతాను.

ఇంకొకటి. ఆ రోజున ఒట్టు పెట్టింది నేనొక్కణ్ణే కాదు. "ఈ చెరువు మళ్లా నిండేది లేదు, నిండితే నేను మీసం తీయించుకుంటా" అని మీరూ అన్నారు. అది ఏమైందో తెలియదు.

ఇట్లు,
మాలకొండయ్య

*

గొల్లపల్లె
డిసెంబరు 4

మాలకొండయ్య బావగారికి,

మీసం తీయించాను. అలుగు పారిన రోజు పొద్దున్నే కట్ట మీద మంగలిని కూర్చోబెట్టి తీయించుకున్నాను. అలుగు చూడటానికి వచ్చినవాళ్ళ కన్నా నన్ను చూడటానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. మళ్ళీ పెంచవచ్చునా అని పురోహితుణ్ణి అడగలేదు. ఆయన పెంచుకోమంటాడని తెలుసు.

ఉమ మార్కాపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. లెక్కల్లో మీ పోలిక. కోపంలోనూ మీ పోలికే, ఎందుకంటే పోయిన నెల నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. "ఫోన్లో పటం ఉంది గదా నాయనా, మిషన్ ఏంటికి" అని తనే పడవెక్కింది. పటంలో చెరువంతా ఒకటే నీలం. మధ్యలో మేము ఒక చుక్క. చుక్క మాత్రం ఖచ్చితంగా మేమే. ఎక్కడికి పోవాలో తెలియని చుక్క. ఇంకా దగ్గరగా చూద్దామని నేను వంగాను. పడవ నాతో పాటు వంగింది. ఫోను నీళ్ళలో పడింది. ఇప్పుడు చెరువు అడుగున నేను వెతకాల్సినవి రెండయ్యాయి.

రాయి ఏదని అడిగారు. రాయి పేరు వెంకటరత్నమ్మ.

మార్కాపురం నుంచి తెప్పించిన పలకరాయి. నిలువుగా పాతలేదు, నాలుగు గుండ్ల మీద పడుకోబెట్టాను, ఎవరైనా వచ్చి కూర్చునేటట్టు. దోసపాదుల పక్కనే. ఆమె అడిగిన చోటే. "నన్ను వల్లకాటి దిబ్బ మీదికి తీసుకుపోవద్దు, ఆడ నాకు ఎవురూ తెలియదు. మన సేన్లోనే పెట్టు" అన్నది. నా కళ్ళెదుట చెరువు ఎండి ఏళ్ళు గడిచాయి. అది చెరువన్న సంగతి పేరుకే మిగిలింది. దాన్ని చెరువు అంటే, పిల్లలు అది ఊరి పేరేమో అనుకునేవాళ్ళు. ఆమె అడిగింది, నేను పెట్టాను.

మీరు అడుగుతారు, నీ పొలం నీకు తెలియదా అని. నన్ను పొలానికి ఎప్పుడూ నా కాళ్ళే తీసుకుపోయాయి బావగారూ. బండ్లదారి దిగితే తాటిచెట్టు, తాటిచెట్టు దాటితే వాననీటి వంక, వంక దాటితే మాది. ఆలోచించే పని ఉండేది కాదు. ఇప్పుడు దారి నీళ్ళ కింద ఉంది, తాటిచెట్టు పడిపోయింది, కాళ్ళకు పని లేదు. చెరువులో సేద్యానికి పట్టా ఉండదు, పట్టా లేని చోట సర్వే రాయి ఉండదు. పక్క చేలవాళ్ళను పడవలో తీసుకుపోయి అడిగితే తలొక పక్క చేయి చూపారు. ఎవరి చేయి వాళ్ళకు నిజం.

పెద్దల అమావాస్యకు విస్తట్లో అన్నం పెట్టి నీళ్ళ మీద వదిలాను. అది గాలికి అటు కొట్టుకుపోయింది. ఎవరి పెద్దలు తిన్నారో తెలియదు. నీ పెళ్ళాన్ని ఎక్కడ పెట్టినావంటే, చెరువులోకి చేయి ఊపి "ఆ పక్కన" అని చెప్పే మొగుణ్ణి అయినాను. సిగ్గుగా ఉంది. అంతకన్నా ఎక్కువ భయంగా ఉంది. శివరాత్రి దాటితే ఆ గొలుసు ఆమె మీదుగా పోతుంది.

ఏ మిషను కొనాలో రాయండి.

ఇట్లు,
మీ బావ యల్లయ్య

*

నిజాంపట్నం
డిసెంబరు 19

యల్లయ్యకు,

ఉత్తరం చదివి దుకాణం మూసేశాను. పట్టపగలు ఎందుకు మూశావని స్టీఫెను అడిగితే, మిషను చెడిందన్నాను. మిషన్లు బాగుచేసే దుకాణం మిషను చెడిందని మూయటం ఏమిటని అతను అడగలేదు. మంచివాడు.

నేను ఆ రోజు చెప్పింది ఇదే. "చెరువన్నంక నీళ్ళు రాకుండా ఉంటయ్యా? నా చెల్లిని నీళ్ళలో పెట్టినావా? దిబ్బ మీద పెట్టాల్సింది" అన్నాను. నువ్వు నవ్వావు. నీతో పాటు మీ ఊరంతా నవ్వింది. నేను సముద్రం పక్కన బతికేవాణ్ణి, నీళ్ళు పోవటం తప్ప రావటం తెలియనివాళ్ళు నన్ను చూసి నవ్వారు. తుపాను మూలంగా ఆలస్యమై వచ్చాను, ఆమె ముఖం కూడా నాకు దక్కలేదు. అందుకే ఆ చెరువులో అడుగు పెట్టనని చెప్పి, కట్ట మీద నుంచే వెనక్కి తిరిగాను. ఇవన్నీ నీకు తెలుసు. నాకే మళ్ళీ చెప్పుకోవాలనిపించింది.

ఇక మిషను సంగతి. గిరాకీకి నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. జీపీఎస్ దేన్నీ వెతకదు. మనిషి ఒకసారి ఒక చోట నిలబడి బొత్తాం నొక్కితే, ఆ చోటు గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ ఎప్పుడు అడిగినా అక్కడికి తీసుకుపోతుంది. అంతే దాని పని. ఎవరూ బొత్తాం నొక్కని చోటికి లోకంలో ఏ మిషనూ తీసుకుపోలేదు. నువ్వు నొక్కలేదు.

చేపల మిషనుతోనే చెరువంతా దున్నినట్టు తిరిగి వెతకవచ్చు. రాయి ఉంటే తెర మీద అడుగు గీత కింద ఇంకో గీత పడుతుంది. గట్టి చోట శబ్దం రెండుసార్లు దెబ్బ తిని వస్తుంది. మెత్తటి బురద అయితే ఒకే గీత. కానీ మీ చెరువు అడుగున గట్లకు గట్లు రాళ్ళే. ప్రతి రాయి దగ్గరా ఆగి ఇది నా రాయేనా అని అడుగుతూ పోవాలి. శివరాత్రి లోపల తేలదు.

కొనొద్దు. నీ చేతిలో పని కాదు.

ఆ రాయి పక్కన వేపమొక్క ఒకటి ఉండాలి. చెట్టయి ఉంటే నీళ్ళ పైన కొస అయినా కనపడేది. అది బతకలేదా?

మాలకొండయ్య

*

గొల్లపల్లె
జనవరి 2

బావకు,

వేపమొక్క బతకలేదు. రెండో ఎండాకాలంలోనే పోయింది. నీళ్ళు మోసి పోశాను, అయినా పోయింది.

అయితే ఒక సందేహం. అది పెద్దకర్మకు ముందు రోజు పొద్దుగూకాక నాటిన మొక్క. జానెడు కూడా లేదు. మేకలు తినకుండా చుట్టూ కంప నాటాను. రాయి దగ్గరికి వచ్చి, వంగి చూస్తే తప్ప కనపడేది కాదు. ఉమకు కూడా నేను చెబితేనే తెలిసింది.

మీరేమో ఆ రోజు చెరువులో అడుగు పెట్టలేదు. కట్ట మీద నుంచే అన్నం తినకుండా తిరిగిపోయారు. నలుగురూ చూశారు. నాతో మీరు అన్న మాటలు ఎంతమందికి గుర్తున్నాయో, ఆ తిరిగిపోవటమూ అంతమందికి గుర్తుంది.

నేను ఏమీ అడగటం లేదు. మొక్క సంగతి ఎట్లా తెలిసిందా అని మాత్రం ఆలోచిస్తున్నాను. ఆలోచించటం మాట్లాడటం కిందికి రాదు.

సంజీవరావు గొలుసు చేయించాడు. కొక్కేలు ఒక్కొక్కటి బర్రె కొమ్మంత ఉన్నాయి. నిన్న పంచాయతీ ఆఫీసు ముందు పరిచి అందరికీ చూపించాడు. నేనూ పోయి చూశాను. చూడకుండా ఉండవలసింది. సంజీవరావు చెడ్డవాడు కాదు. "యల్లన్నా, నీ కోసరం ఆ పక్కంతా ఇడిసిపెడదామంటే వలలోళ్ళు ఊరుకోరు. ఎంత చోటని ఇడిసిపెట్టేది? నువ్వు ఇదీ అని ఒక్క చోటు సూపియ్యి, నేనే ఆడ నిలబడతా" అన్నాడు. "ఇదీ" అని చూపటమే నాకు చేతకావటం లేదు.

బావా, మిషనుతో పని లేదంటే కొనను. నీ దగ్గర ఇంకేమైనా ఉంటే, అది పంపించు.

యల్లయ్య

*

నిజాంపట్నం
జనవరి 14

బావా,

ఆర్టీసీ కార్గోలో ఒక పెట్టె వేశాను. బేస్తవారిపేట బస్టాండులో తీసుకో. దాని ఖర్చు సంగతి రాశావంటే వచ్చే ఉత్తరం చింపేస్తాను.

పెట్టెలో నల్ల డబ్బా ఉంటుంది. జీపీఎసూ చేపల మిషనూ రెండూ దానిలోనే. తెర అరచేతి అంత. పడవకు పెద్ద తెర పెడితే దాన్ని చూస్తూ నువ్వు మళ్ళీ వంగుతావు. దానికి బైకు బ్యాటరీ చాలు. ఎర్ర తీగ ఎక్కడ కలపాలో, నల్ల తీగ ఎక్కడ కలపాలో ఉమను చూడమను, నువ్వు ముట్టుకోవద్దు. బిళ్ళను పడవ వెనక పలకకు, బయటి వైపు, నీళ్ళలో మునిగేటట్టు బిగించాలి. లోపల పెట్టి ఫైబరు గుండా చూద్దామని కొందరు చెబుతారు, వినొద్దు. చేప బొమ్మలు రాకుండా నేనే తీసేశాను. తెర మీద ఉన్నది ఉన్నట్టు గీతలే వస్తాయి.

పడవ ఆగితే మిషనుకు తల ఎటు ఉందో, తోక ఎటు ఉందో తెలియదు. బాణం గుర్తు గానుగెద్దు మాదిరి తిరుగుతుంది. అది చూసి మిషను చెడిందనుకోవద్దు. ముందుకు నడుస్తుంటేనే దానికి దారి తెలుస్తుంది. అందుకని ఆగకుండా మెల్లగా తెడ్డు వెయ్యాలి. అది చూపే చోటుకీ అసలు చోటుకీ నాలుగైదు బారలు తేడా ఉండవచ్చు. ఆ నాలుగు బారల్లో మాత్రం గీతలు చూసుకుని వెతకాలి. అది నీకు చేతనవుతుంది.

స్విచ్చి వేశాక గుర్తుల జాబితా తెరవమను. ఒకే గుర్తు ఉంటుంది. అది చెరపొద్దు.

పెద్దకర్మ రోజున నేను ఎక్కాల్సిన బస్సు రాలేదు. తర్వాతి బస్సుకు పొద్దు ఉంది. ఊరికే కూర్చోలేక నడిచాను. ఎటు నడుస్తున్నానో చూసుకోలేదు. ఎదురొచ్చిన ఒక ముసలామె, "రత్తమ్మ అన్నవా? ఆ తాటిచెట్టు దాటి పో నాయనా" అన్నది. పోయాను. జేబులో చేతి మిషను ఉంది, ఒక గిరాకీది, బాగుచేసి దారిలో పరీక్ష చేద్దామని తెచ్చింది. రాయి మీద కూర్చున్నాను. కొంతసేపటికి మిషను రాయి మీద పెట్టి బొత్తాం నొక్కాను. ఎందుకంటే ఏం చెప్పను. మా దగ్గర అలవాటు అది. నడిసముద్రంలో ఎవరి వల తెగిపోయినా, మనిషే పోయినా, ముందు బొత్తాం నొక్కుతాం. తర్వాత ఏడుస్తాం.

పేరు పెట్టమని మిషను అడిగింది. దానికి తెలుగు రాదు. ఇంగ్లీషులో వెంకటరత్నమ్మ పట్టలేదు. చెల్లి అని పెట్టాను.

ఇంటికొచ్చి ఆ అంకెలు ఇంకో మిషనులోకి ఎక్కించుకున్నాను. అది చెడితే ఇంకోదానిలోకి. ఎప్పటికైనా చెరువు నిండుతుంది, ఎప్పటికైనా నువ్వు అడుగుతావు అనుకున్నాను. నిండింది, నువ్వు అడగలేదు. నువ్వు అడిగింది ఏ మిషను కొనాలని. ఆ సంగతి రాయటానికి నాకు చేయి రాలేదు. చేతికి ఒట్టు లేదని మీ పురోహితుడు అన్నాడు గానీ, కోపానికి చేయీ నోరూ తేడా లేదు బావా. వేపమొక్క దగ్గర చేయి జారింది.

నీళ్ళ మీద జాగ్రత్త. ఈత రానివాడు పడవలో నిలబడకూడదు.

మాలకొండయ్య

*

గొల్లపల్లె
ఫిబ్రవరి 3

బావా,

పోయిన ఆదివారం పోయాం. నేను తెడ్డు వేశాను, ఉమ మిషను పట్టుకుంది, మధ్యలో సంజీవరావు. ముగ్గురమైతే ఒకరు దేవుణ్ణి తలుచుకోవాలని రాశాను గదా, ఆ పని సంజీవరావు తీసుకున్నాడు. అధ్యక్షుడికి కూడా ఈత రాదని ఆ రోజే తెలిసింది.

ఉమ స్విచ్చి వేసి జాబితా తెరిచింది. ఉన్న ఒక్క పేరూ చదివింది. తర్వాత "నాయనా, మామ అమ్మను దీంట్లో పెట్టినాడు" అన్నది. నేను తెడ్డు ఆపాను. బాణం గిర్రున తిరిగింది. "ఆపొద్దు నాయనా, నడిపితేనే దారి" అని అరిచింది. నడిపాను.

నేను ఇన్నాళ్ళూ వెతికింది వంకకు అవతలి పక్కన. మిషను మమ్మల్ని ఇవతలి పక్కకు తీసుకుపోయింది. నా పొలం నేను అనుకున్న చోట లేదు. మనసులో దాన్ని ఎటు జరుపుకున్నానో తెలియదు. మిషను కూత వేసి, వచ్చేశామన్నది. నీళ్ళు తప్ప ఏమీ లేవు. నువ్వు చెప్పినట్టే నాలుగు బారలు అటూ ఇటూ తిరిగాం. ఉమ తెర చూస్తూ "ఒకటే గీత, ఒకటే గీత" అంటూ ఉంది. అంతలో నోరు మూసుకుంది. గీత పైకి లేచింది, బల్ల మాదిరి సమంగా నిలిచింది, కింద రెండో గీత పడింది. నాలుగు గుండ్ల ఎత్తు నాకు తెలుసు. అది మన రాయే.

అంతే కాదు. రాయి పైనా, పక్కనా తెరంతా వంకర గీతలు, ఒకదాని మీద ఒకటి. సంజీవరావు మెడ చాపి చూశాడు. "ఇయ్యేంది?" అన్నాడు.

"చేపలు" అన్నది ఉమ.

"అన్ని ఉన్నయ్యా?"

"రాయి నీడన చేరినయ్."

సంజీవరావు చాలాసేపు ఆ తెర వంక చూశాడు. సంఘం అధ్యక్షుడు గదా, ఆ చూపు ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. అక్కడే వల వేయిస్తాడేమోనని నేను భయపడ్డాను. తర్వాత ఆయన గొంతు సవరించుకుని, "రత్తమ్మక్క ఇంటికి పోతే ఎవుర్నీ తినకుండా పంపిచ్చేది కాదు. ఇప్పుడూ అంతే ఉండాది. ఉండనీలే" అన్నాడు. తన చేత్తోనే ఖాళీ క్యాను ఒకటి తాడుకు కట్టి, తాడు కొసకు రాయి కట్టి కిందికి దించాడు. క్యాను తేలింది. దాని చుట్టూ ఎవరూ వల వేయకూడదని, గొలుసు ఆ పక్కకు రాకూడదని అక్కడికక్కడే చెప్పాడు. వినటానికి మేమిద్దరమే ఉన్నాం, అయినా సభలో చెప్పినట్టే చెప్పాడు.

ఏడ్చాను బావా. పడవ కదులుతోందని ఉమ తిట్టింది. తను కూడా ఏడుస్తూనే తిట్టింది.

ఆమె రాయి ఎక్కడో ఇప్పుడు చెప్పగలను. క్యాను తెల్లది, కట్ట మీద నుంచి కూడా కనపడుతుంది. పొద్దున్నే లేచి ముందు దాన్ని చూసి, తర్వాత బర్రెలను చూస్తున్నాను.

ఇంకొక సంగతి. మొదటిసారి దించినప్పుడు రాయి అడుగు తాకింది గానీ, తాడు పొట్టిదై క్యాను మునగబోయింది, మళ్ళీ పైకి లాగాం. కొసన కట్టిన రాయికి అడుగు మన్ను అంటుకుని వచ్చింది. నల్లది, మెత్తటిది. దోసకాయలు కాసిన మన్నే. సంజీవరావు కడగబోతే ఆపాను. గీకి, నీడలో ఆరబెట్టి, చిన్న పొట్లం కట్టి ఈ కవరులో పెట్టాను.

నీతో మాట్లాడితే నా నోట్లో మన్ను పడాల అన్నావు. ఒట్టు ఒట్టే, తప్పమని నేను అడగను. కానీ ఏ మన్నో నువ్వు చెప్పలేదు. ఈసారి పురోహితుణ్ణి అడగలేదు. నాకే తోచింది.

యల్లయ్య

*

నిజాంపట్నం
ఫిబ్రవరి 12

బావా,

పొట్లం అందింది. స్టీఫెను ఎదురుగా ఉండగానే విప్పాను. ఏమిటన్నా అది అన్నాడు. మా చెల్లి పంపిందన్నాను. కొంచెం తీసి నోట్లో వేసుకున్నాను. అతను ఏమీ అడగలేదు. మంచివాడని రాశాను గదా.

ఇక్కడ గాలీ నీళ్ళూ అన్నీ ఉప్పే. ఇది చప్పగా ఉంది. మిగిలింది పొట్లం కట్టి మిషన్ల పక్కన పెట్టుకున్నాను.

శివరాత్రి అయ్యాక వస్తాను. ఈసారి చెరువులో అడుగు పెడతాను, పడవలోనే అనుకో. నాకు ఈత వచ్చు కాబట్టి దేవుణ్ణి తలుచుకునే పని నీకే వదిలేస్తాను.

నా నంబరు పాతదే, ఉమకు తెలుసు. ఆదివారం పొద్దున ఫోను చెయ్యి. ముందు కొంతసేపు నాకు మాట రాకపోవచ్చు. పెట్టెయ్యొద్దు.

మాలకొండయ్య